మంచు పట్టిన తలనొప్పి

నెల్లూరులో ముప్పై ఆరేళ్ళు జనరల్ ఫిజీషియన్‌గా పనిచేసి, నిరుడు బోర్డు దించేశాను. కొత్తగా క్లినిక్కులు పెట్టిన డాక్టర్లు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. ఈమధ్య వాళ్ళలో ముగ్గురు ఒకే సంగతి అడిగారు. హిమాలయాల్లో ట్రెక్కింగుకు పోతామని, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలని వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. ఏం చూసి సంతకం పెట్టాలి?

ఆ జవాబు ఫోన్లో చెప్పగలిగింది కాదు. అందులో సగం నేర్చుకోవడానికి నాకు ఒక స్నేహితుడి ప్రాణం పోయినంత పనయింది. మిగతా సగం మా ఇంటికి చేపలు తెచ్చే మనిషి నేర్పింది. అందుకే కూర్చుని రాస్తున్నాను. మొదటే ఒక మాట ఒప్పుకోవాలి. నేను పుట్టింది, చదివింది, పనిచేసింది సముద్రానికి పాతిక కిలోమీటర్ల లోపు. మనవైపు జనం రోజూ ఎక్కే పెద్ద ఎత్తు పెన్నా వంతెన. అలాంటి ఊరి డాక్టరు, ఎవరో మంచుకొండ ఎక్కగలరని రాసి ముద్ర వేస్తాడు. ఇందులో ఎంత ధైర్యం ఉందో, ఎంత అజ్ఞానం ఉందో మీరే ఆలోచించండి.

మాటకు మోతాదు

నేను కొత్తలో నాలుగేళ్ళు ఒక పెద్దాయన దగ్గర అసిస్టెంటుగా చేశాను. ఊళ్ళో అందరూ ఆయన్ని పెద్దడాక్టరుగారనే పిలిచేవాళ్ళు. ఆయన నుదుట విభూతి లేకుండా కుర్చీలో కూర్చునేవాడు కాదు. నేను సాయంత్రమైతే వేదికలెక్కి తాయెత్తులనూ దిష్టితీతలనూ చీల్చి చెండాడేవాణ్ణి. ఎవరేం చెప్పినా "మీకెలా తెలుసు?" అని నిలదీయడం మా హేతువాదుల చర్చావేదికలో మాకు నేర్పిన మొదటి పాఠం. మర్నాడు పొద్దున ఆయన నవ్వుతూ, రాత్రి ఎంతమంది దేవుళ్ళను పడగొట్టావయ్యా అని అడిగేవాడు. అంతకుమించి ఎప్పుడూ వాదించలేదు.

ఒక్కసారి మాత్రం మందలించాడు. కడుపునొప్పితో వచ్చిన ఒక రైతును సరిగ్గా చూడకుండా, "ఏం లేదులే, వేడిచేసింది, మజ్జిగ తాగు" అని పంపించేశాను. కోవూరు నుంచి సైకిల్ మీద వచ్చిన మనిషి. అతను గడప దాటాక పెద్దాయన అన్నాడు:

"మాట కూడా మందేనయ్యా. మోతాదు చూసుకొని ఇయ్యి."

ఆ రైతుకు ఏమీ కాలేదు. అందువల్ల ఆ మందలింపు నా చెవి దాటి లోపలికి పోలేదు.

రాఘవ

కావలిలో కాలేజీ లెక్చరర్ రాఘవ నాకు ప్రాణస్నేహితుడు. భౌతికశాస్త్రం చెప్పేవాడు. మా ఇద్దరికీ స్నేహం కుదిరింది చర్చావేదిక మీదే. మాట్లాడేటప్పుడు బల్ల మీద అరచేత్తో కొట్టేవాడు. ప్రతి సభలో గ్లాసు కిందపడేది. చివరికి నిర్వాహకులు ఆయనకు ప్లాస్టిక్ గ్లాసులో నీళ్ళు పెట్టడం మొదలుపెట్టారు.

యాభై దాటాక ఆయనకు కొండలెక్కాలని సరదా పుట్టింది. సాటి అధ్యాపకులు కొందరితో కలిసి హిమాలయాల్లో ఒక సరస్సు దాకా ట్రెక్కింగుకు బయల్దేరాడు. సర్టిఫికెట్ కోసం నా దగ్గరికి వచ్చాడు. రోజూ పొద్దున్నే షటిల్ ఆడే మనిషి. గుండె, ఊపిరితిత్తులు, రక్తపోటు, షుగరు అన్నీ చూశాను. కుర్రాడికుండాల్సినట్టు ఉన్నాయి.

"దమ్ముందంటావా?" అన్నాడు.

"దమ్ముకేం, నన్ను మోసుకుని ఎక్కుతావు" అన్నాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. సంతకం పెట్టి, ముద్ర కొట్టి, కాగితం చేతికిస్తూ ఆప్యాయంగా మరోమాట చేర్చాను. "తలకు మంచు పట్టకుండా మఫ్లర్ కట్టుకో. మంచు పడితే తలనొప్పి వస్తుంది."

ఆ మాట వైద్యశాస్త్రంలోది కాదు, మా అమ్మది. ధనుర్మాసంలో తెల్లవారుజామున వాకిట్లోకి వస్తే చాలు, మంచు పడుతుంది, తలకేదైనా చుట్టుకోరా అని అరిచేది. మనకు గడ్డిమీద కురిసేదీ మంచే, రోడ్డు కనపడకుండా కమ్మేదీ మంచే, హిమాలయం నెత్తిన ఉన్నదీ మంచే. భాషలో ఒకటే మాట కాబట్టి, జబ్బూ ఒకటే అనుకున్నాను. అనుకున్నానని కూడా అనలేను. ఆలోచిస్తే కదా అనుకోవడం.

రాఘవ బృందం మూడోరోజుకే బాగా పైకి పోయింది. ఆ సాయంత్రం ఆయనకు తలనొప్పి మొదలైంది. మంచు పట్టిందన్నాడు. మఫ్లర్ బిగించి, నుదుటికి బామ్ రాసుకున్నాడు. అన్నం సయించలేదు. మర్నాడు అలాగే మరికొంత ఎక్కాడు. తోటివాళ్ళు ఆగుదామంటే, నా డాక్టరు చెప్పాడు, ఇది మంచుకు వచ్చేదే అన్నాడట. ఐదోరోజు పొద్దున ఆయన గుడారం ముందు కూర్చుని ఎడమ బూటు కుడికాలికి తొడగాలని ఎంతో శ్రద్ధగా ప్రయత్నిస్తున్నాడు. అది చూసిన కొండమనిషి, వాళ్ళ గైడు, ఇంకేమీ అడగలేదు. లేపి నాలుగడుగులు నడిపించి చూశాడు. తాగినవాడిలా తూలాడు. వెంటనే కంచరగాడిద మీద కట్టి కిందికి దించేశాడు. దారిలో ఆక్సిజన్ పెట్టారు. రాఘవ బతికాడు. ఆ గైడుకు చదువెంతో నాకు తెలియదు. ఆరోజు మా ఇద్దరికంటే గొప్ప వైద్యుడు అతనే.

ఎత్తుకు పోయేకొద్దీ గాలి పల్చబడుతుంది. ఒక్కో గుక్కకు అందే ప్రాణవాయువు తగ్గుతుంది. దానికి ఒళ్ళు అలవాటు పడేందుకు రోజులు కావాలి. ఆ రోజులివ్వకుండా ఎక్కితే తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం వస్తాయి. అప్పటికీ ఎక్కుతూ పోతే మెదడు వాస్తుంది, లేదా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. వాయుపీడనం పాఠం ఏటా చెప్పే మనిషికి ఇది తెలియదా? తెలుసు. కానీ తలనొప్పి విషయం డాక్టరు ముందే చెప్పేశాడు కదా.

ఆసుపత్రి నుంచి వచ్చాక చూడటానికి కావలి పోయాను. ఆయనే మొదలుపెట్టాడు.

"మనం ఎన్ని మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చినామో లెక్కలేదు గదయ్యా" అన్నాడు. "ఒక్కటి మిగిలిపోయింది. దాన్ని నువ్వు ఇచ్చినావు, నేను మోసినాను."

అని బల్లమీద కొట్టబోయి, చెయ్యి ఆపేసి, మెల్లగా ఆనించాడు. కొండమీద చివరి రెండు రోజులు ఆయన జ్ఞాపకంలో ఇప్పటికీ లేవు. నాకు మాత్రం ఆ చెయ్యి ఆగిన చోటు బాగా జ్ఞాపకం.

భయం పట్టిన డాక్టరు

ఆ తర్వాత నేను చేసింది ఇంకో తప్పు. ఎవరొచ్చినా సంతకం పెట్టనన్నాను. యాభై దాటినవాళ్ళను కుర్చీలో కూర్చోనిచ్చేవాణ్ణి కాదు. దానికి జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాను. పరీక్షించకుండా సరేననడం ఎంత మూఢత్వమో, పరీక్షించకుండా కాదనడమూ అంతే. మొదటిదానికి పేషెంటు బలవుతాడు. రెండోదానికి పేషెంటు ఇంకో డాక్టరు దగ్గరికి పోయి, చూడకుండా సంతకం పెట్టించుకుంటాడు. మా ఊళ్ళో అలా పెట్టేవాళ్ళు ఉన్నారు, ఉంటారు. తాయెత్తు కట్టేవాడు కనీసం మంత్రమన్నా చదువుతాడు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం పోలక్క వచ్చింది.

పోలక్కది మైపాడు వైపు సముద్రం ఒడ్డున పట్టపుపాలెం, చేపలుపట్టే వాళ్ళ ఊరు. మొగుడు పోయాక కూతుర్ని చేపలమ్మి చదివించింది. ఇరవై ఏళ్ళుగా మా ఇంటికి ఆమే చేపలు తెస్తుంది. నా భార్యతో గంటసేపు కబుర్లు చెబుతుంది. నా ఉపన్యాసాల సంగతి కూడా ఆమెకు తెలుసు. దేవుడు లేడని అరిచే డాక్టరని పాలెంలో చెప్పుకుంటారట. కూతురు సుజాతకు కృష్ణపట్నం పోర్టు దగ్గర ఒక ఆఫీసులో ఉద్యోగం. ఆ ఆఫీసువాళ్ళు కొందరు నాలుగు నెలల తర్వాత ట్రెక్కింగుకు పోతూ ఇంట్లోవాళ్ళను కూడా రానిస్తున్నారు. సుజాత తనతోపాటు తల్లి పేరు కూడా రాయించింది. తల్లీకూతుళ్ళిద్దరూ సర్టిఫికెట్ కోసం వచ్చారు.

నాకు రాఘవ గుర్తొచ్చాడు. ఏ మొక్కు మొక్కుకున్నావు పోలక్కా అని వెటకారంగా అడిగాను.

మొక్కు గాదని చెప్పింది. బతుకంతా ఐసుతోనే గడిచింది తనకు. ఫ్యాక్టరీలో పోసిన ఐసు, మిషన్లో ఆడించిన ఐసు, కరగకుండా రంపపు పొట్టులో కట్టిన ఐసు.

"ఎవురూ చెయ్యని ఐసు ఒక్కసారి చూడాల సారూ" అంది. "అంతే నా కోరిక."

నేను వయసు సంగతి తీశాను. యాభైరెండు అంది. రక్తపోటు తీశాను. కొంచెం ఎక్కువ ఉంది. కళ్ళు చూస్తే రక్తం తక్కువని తెలుస్తూనే ఉంది. ఇవన్నీ చెప్పి, అక్కడ చలి, మంచు అని మొదలుపెట్టాను. పాత అలవాటు, ఎంత దెబ్బ తిన్నా పోలేదు. తలకు మంచు పడితే నీకు కష్టమవుతుంది పోలక్కా అన్నాను.

ఆమె నవ్వింది. "నీకెట్ట తెలుసు సారూ?"

వేదికల మీద నేను జనాన్ని అడిగిన ప్రశ్న అది. అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు.

"ముప్పై ఏళ్ళు నెత్తిన ఐసుగంప మోసినా. కరిగి నీళ్ళు మాడుమీద కారతానే ఉంటాయి. మంచుకు తలనొప్పొచ్చేదైతే నాకు దినాం రావాల గదా. ఒక్కనాడు రాలా."

పరికల్పన, ప్రయోగం, ఫలితం. ముప్పై ఏళ్ళ పరిశీలన. వైద్యకళాశాలలో చదివినవాడికి, భౌతికశాస్త్రం చెప్పినవాడికి తట్టనిది ఆ గంప కింద తల పెట్టిన మనిషి తేల్చేసింది. నేను కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు నవ్వాను. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. రాఘవ సంగతంతా ఆమెకు చెప్పాను.

ఆమె నవ్వలేదు. తలనొప్పొచ్చినాక ఆయన ఎందుకు వెనక్కి రాలేదని అడిగింది. మగతనం, పట్టుదల, పదిమందిలో చిన్నతనం, ఏవో చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు.

"మా నాయన పడవలో నలుగురు పొయ్యేవాళ్ళు. నలుగురిలో ఎవుడు మళ్ళుదాం అన్నా మళ్ళాల్సిందే. ఎందుకు అని అడగకూడదు. ఒడ్డుకొచ్చినాక ఎవుడన్నా ఎగతాళి చేసినాడంటే పెద్దోళ్ళు ఊరుకునేవాళ్ళు గాదు."

"వల వెయ్యకుండానే?"

"వల రేపేస్తారు."

ఇది అన్ని పాలేల్లో ఉన్న కట్టుబాటో, ఆమె తండ్రి పడవకే ఉన్నదో నాకు తెలియదు. కానీ ముప్పై ఏళ్ళ ప్రాక్టీసులో నాకు దొరకని ప్రశ్న అక్కడ దొరికింది. రాఘవ గుండె చూశాను, ఊపిరి చూశాను. ఆయనకు మళ్ళడం చేతనవునా అని చూడలేదు. నాకు తెలిసినంతలో ఆయన ఏ వాదనలోనూ సగంలో వెనక్కి తగ్గినవాడు కాదు. అదే నాకు ఆయనలో నచ్చిన గుణం. కొండమీద అదే ఆయన జబ్బు.

ఏం అడగాలి

కాబట్టి కొత్త డాక్టర్లకు నేను చెప్పేది ఇది. మిషన్లు చెప్పేవి ఎలాగూ చూస్తారు. గుండెజబ్బు కుదుటపడనివాళ్ళు, ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవాళ్ళు, రక్తం బాగా తక్కువున్నవాళ్ళు, రక్తపోటు అదుపులో లేనివాళ్ళు, గర్భిణులు వస్తే మొహమాటపడకండి. వద్దని గట్టిగా చెప్పండి. సరిచేయగలిగినదైతే సరిచేసి పంపండి. ఉబ్బసం ఉన్నంత మాత్రాన ఎవర్నీ తరిమేయకండి. అదుపులో ఉందా అని చూడండి.

ఆ తర్వాత స్టెతస్కోపు పక్కన పెట్టి మాట్లాడండి. ఎన్ని రోజుల ప్రయాణం, మధ్యలో విశ్రాంతి రోజు ఉందా అని అడగండి. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తు రోజుకు ఐదు వందల మీటర్లకు మించి పెంచకూడదు. తక్కువ రోజుల్లో చూపించి తెస్తామని చెప్పే ట్రెక్కింగు ఎవరికీ సరైంది కాదు, మీ పేషెంటు ఎంత గట్టివాడైనా సరే. మైపాడు ఇసుకలో రోజూ పరుగెత్తేవాడికి కాళ్ళు గట్టిపడతాయి, ఎత్తు అలవాటు కాదు. నిజానికి గట్టివాడే ముందుగా, వేగంగా ఎక్కి జబ్బు తెచ్చుకుంటాడు. దమ్ము అన్న మాటకు మనం ఊపిరనీ ధైర్యమనీ రెండర్థాలు పెట్టుకున్నాం. కొండకు ఆ రెండో అర్థం తెలియదు. కర్పూరం పీలిస్తే ఊపిరాడుతుందని చెప్పేవాళ్ళుంటారు. ముక్కు చల్లబడుతుంది, ప్రాణవాయువు ఒక్క చుక్క పెరగదు. ఎత్తుకు ముందుజాగ్రత్తగా వేసుకునే మాత్రలున్నాయి. అవసరాన్నిబట్టి రాయండి. కానీ మాత్ర ఉంది కదా అని ఎక్కేవేగం పెంచుకోవద్దని చెప్పండి.

చివరగా ఇది అడగండి. జీవితంలో ఎప్పుడైనా, బయల్దేరిన పని సగంలో ఆపి వెనక్కి వచ్చారా? వచ్చాక ఎలా ఉంది? కొందరు గర్వంగా, ఎప్పుడూ రాలేదండీ అంటారు. వాళ్ళతో ఇంకో అరగంట కూర్చోండి. మళ్ళలేరని తేలినవాళ్ళకు, కొండ మీకు కాదు, కింద నుంచి చూసినా కొండ అందంగానే ఉంటుంది అని చెప్పడం కూడా వైద్యమే.

పోలక్కకు ఆరోజు సంతకం పెట్టలేదు. మూడు నెలలు ఐరన్ మాత్రలు, రక్తపోటుకు మందు. మూడు నెలలకు రక్తం పెరిగింది, రక్తపోటు అదుపులోకి వచ్చింది. సర్టిఫికెట్ అడుగున, నా సంతకం కింద, రెండు వాక్యాలు రాశాను. తలనొప్పి వస్తే ఉన్నచోటే ఆగుతాను. తగ్గకపోయినా, వాంతి అయినా, తూలినా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా దిగిపోతాను. దానికింద పేషెంటు సంతకం. తల్లీకూతుళ్ళిద్దరూ పెట్టారు. సుజాత, మా ఆఫీసులో చూస్తే నవ్వుతారు సార్ అంది. నవ్వనీ అంది పోలక్క.

బక్కెట్లో

వాళ్ళు వెళ్ళిన ఆ పది రోజులూ ఫోన్ మోగితే రెండో మోతకు ముందే అందుకునేవాణ్ణి. దేవుడికి దణ్ణం పెట్టుకోవడానికి కూడా వీల్లేని వాళ్ళకు ఇలాంటి రోజులు ఎంత పొడుగ్గా ఉంటాయో నమ్మేవాళ్ళకు తెలియదు.

వచ్చాక ఇద్దరూ చెరొక మాటగా చెప్పారు. పోలక్కకు ఏమీ కాలేదు. గంప మోసినట్టే తాపీగా, అందరికంటే వెనక నడిచింది. నాలుగోరోజు పొద్దున, మంచు ఇంకొక్క రోజు నడక దూరంలో ఉందనగా, సుజాతకు తలనొప్పి మొదలైంది. టీ కూడా తాగలేకపోయింది. ఆఫీసువాళ్ళు బామ్ ఇచ్చారు. మంచు పట్టింది, కోతిటోపీ పెట్టుకో అన్నారు. పోలక్క ఆ టోపీ తీసి పక్కన పడేసి, ఈ పూట ఇక్కడే అంది. మిగతావాళ్ళు ముందుకు పోయారు, గైడు ఒకడు వీళ్ళతో ఆగాడు. మధ్యాహ్నానికి సుజాతకు వాంతి అయింది.

"మళ్ళుదాం" అంది పోలక్క.

సుజాత ఏడ్చిందట. తనకోసం కాదు. నువ్వు దానికోసమే గదమ్మా వచ్చింది, నువ్వు పో, నేను ఇక్కడే పడుకుంటా అని బతిమాలింది.

"మళ్ళుదాం అన్నాక ఎందుకు అని అడగకూడదు" అని కూతురి చెయ్యి పట్టుకుని దిగింది పోలక్క. మంచువైపు ఒక్కసారైనా తిరిగి చూసిందా అని సుజాతను అడిగాను. చూడలేదు సార్, నా కాళ్ళ వంకే చూస్తావుండింది అని చెప్పింది.

సాయంత్రానికి కింది మకాం చేరారు. మర్నాటికి సుజాత లేచి కూర్చుని, ఆకలి అంది. ఎక్కేటప్పుడు అక్కడ మబ్బు, వాన. ఆ పొద్దున ఆకాశం తేటగా ఉంది. పోలక్క మొహం కడుక్కుందామని బయటున్న బక్కెట్లో చెయ్యి పెట్టబోతే వేళ్ళకు గట్టిగా తగిలింది. నీళ్ళమీద అద్దంబిళ్ళలాగా పల్చగా ఐసు పేరుకుంది. ఎవరూ పోయలేదు, ఎవరూ ఆడించలేదు. దాన్ని మెల్లగా ఎత్తి, ఎండకు పెట్టి అవతలనుంచి కూతురి మొహం చూసిందట. తర్వాత ఇద్దరూ చెరిసగం తినేశారు.

"ఎట్టుంది పోలక్కా?" అన్నాను.

"ఐసు మాదిరే ఉండాది సారూ. ఫ్యాక్టరీ అమోనియా వాసన ఒక్కటి లేదు."

ఆ వారమే రాఘవ కావలి నుంచి వస్తే ఇదంతా చెప్పాను. అంతా విని, చాలా కాలం తర్వాత బల్లమీద అరచేత్తో గట్టిగా కొట్టాడు. నా గ్లాసు కిందపడింది.

మరుసటి ఏడు సుజాత మళ్ళీ పేరు రాయించుకుని వచ్చింది. పక్కన తల్లి కూడా ఉంది. మంచు చూసేశావు కదా, మళ్ళీ ఎందుకు పోలక్కా అన్నాను.

"నువ్వు కాయితం రాయి సారూ. మళ్ళుదాం అనేదానికి ఒక మనిషి ఉండాల గదా, నేను పోతా."